రేకు గోడల పట్టణము



నేటి నా ప్రసంగము ఒక ఇనుప రేకును గూర్చినది. చరిత్రోపన్యాసమనగానే రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు, శిలాశాసనములను గూర్చియు వినవచ్చునని కూర్చున్నవారికి ఈ మాట చప్పగా తోచవచ్చును. గొడ్లచావడి మీదను, సంతలోని కొట్ల మీదను మనము నిత్యము చూచు ముడుతల జింకు రేకునకు చరిత్ర ఎక్కడిదని మీరడుగవచ్చును. రెండు నెలలకు పూర్వమైనచో నేనును అట్లే అడిగియుందును.

జరిగిన సంగతి యిది. మా గ్రామమున నాకు చిరకాలమిత్రుడగు రైతు ఒకడు కలడు. ఆయన కుమారుడు నాయొద్దనే అక్షరములు దిద్ది, పై చదువులకై అమెరికాకు పోయి, అచట మినియాపొలిస్ అను నగరమున స్థిరపడినాడు. జనవరి మాసమున ఆ ఊరి సగటు ఉష్ణత సున్నకు దిగువ 9 డిగ్రీల సెంటీగ్రేడు. అతడు అచట ఒక పాత కలప ఇంటిని కొన్నాడు. దాని వెలిగోడల పలకలు పాడైనందున, వానిని తీసివైచి లోహపు రేకులు కొట్టింపనెంచి, అట్టి ఇండ్ల ఛాయాచిత్రములను ఫోనులో తండ్రికి పంపినాడు. ఆ సాయంకాలమే నా మిత్రుడు మా ఇంటికి వచ్చెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

"పంతులుగారూ, మూడెకరాల మాగాణి అమ్మి వానిని చదివించితిని. వాడు అక్కడ రేకుల గోడల నడుమ కాపురముండునట. ఈ మాట ఊరిలో ఎవరికి చెప్పుకొందును? మీ మాటయైన వాడు వినును. వద్దని చెప్పండి" అనెను.

నేను వెంటనే సరేయనబోతిని. ఏలయన, ఆ రేకు మీద నాకును సదభిప్రాయము లేదు. నా ఉద్యోగకాలమున 11 సంవత్సరములు రేకుల కప్పు క్రింద పాఠము చెప్పితిని. ఫాల్గుణ చైత్రములలో పదిగంటలు దాటకమునుపే ఆ కప్పు పెనమువలె కాగెడిది. వాన కురిసినచో నా గొంతు మొదటి వరుసలోని పిల్లలకును వినబడెడిది కాదు. పుస్తకములు మూయించి ఊరకుండెడివాడను. పుష్యమాసమున ఉదయము తలుపులు తెరచునప్పటికి రేకుల అడుగున చెమ్మ పట్టి, బొట్లుబొట్లుగా రాలి, బల్లలు తడిసియుండెడివి. ఇట్టి వస్తువును మంచు కురియు దేశమున గోడగా కట్టుకొనుట అవివేకమని నాకు తోచినది.

అయినను, ప్రమాణము చూడక తీర్పు చెప్పరాదని చిన్ననాడు మా గురువులు నేర్పియుండిరి. నా అనుభవము మన యెండలోనిది, కప్పును గూర్చినది. ఆతని ప్రశ్న మంచుదేశములోనిది, గోడను గూర్చినది. ఒకచోటి ప్రత్యక్షము మరియొకచోట ప్రమాణమగునా? కావున నాలుగు దినములు గడువడిగి, చలిదేశములలో ఈ రేకును గోడలకు తొడిగినవారు పూర్వమెవరైన గలరా, వారి గతి యేమైనదని వెదకితిని. ఆ వెదకులాట నన్ను ఐస్‌లాండు ద్వీపమునకు కొనిపోయినది. అచట నేను తెలిసికొన్నదే నేటి ప్రసంగము.

మొదట ఈ రేకు పుట్టుక చెప్పవలెను. లండను రేవునందు ఇంజనీరుగా నుండిన హెన్రీ రాబిన్‌సన్ పామర్ అనునతడు 1829లో ముడుతల ఇనుప రేకునకు హక్కుపత్రము పొందెను. ఆతని యుక్తి చిన్నది. పలుచని కాగితమును నిలువబెట్టిన వంగిపోవును. దానినే మడతలుమడతలుగా మడిచి నిలిపిన నిలుచును. మన తాటియాకు ప్రకృతిసిద్ధముగనే ఇట్లు మడతలుపడి యుండుటచేత గాలికి తట్టుకొనుచున్నది. ఆ గుణమునే పామరు ఇనుమునకు తెచ్చిపెట్టెను. పలుచని రేకు, ముడుతలు పడినంతమాత్రమున, దూలముల ఆధారము అంతగా లేకయే తన బరువును తాను మోయజాలెను.

ఇక ఇనుమునకు తుప్పు పుట్టుశత్రువు. దీనికి విరుగుడు జింకు పూత. జింకును మన వైద్యగ్రంథములు యశదమని పేర్కొనును. రాజస్థానమునందలి జావర్ గనులలో ఖనిజమునుండి ఈ లోహమును బట్టీపట్టి దింపు విద్య 600 సంవత్సరములకు పూర్వమే గొప్పయెత్తున సాగినది. కరగిన జింకులో ఇనుమును ముంచిన దానికి పూత పట్టునని ఫ్రాన్సు దేశమున మలూయిన్ అను రసాయనవేత్త 1742లో తెలిపెను. 1837లో సోరెల్ అను ఫ్రెంచి ఇంజనీరు ఆ పనికి హక్కుపత్రము పొందగా, అది పరిశ్రమయైనది. ఈ పూత కేవలము రంగువంటిది కాదు. రేకు మీద గీటుపడి లోపలి ఇనుము కొంచెము బయటపడినను, ప్రక్కనున్న జింకు ముందు తాను క్షయించి ఇనుమును కాచును. ఇంటి పెద్ద తాను పస్తుండి పిల్లలకు పెట్టునట్టిది దీని స్వభావము. పూత ఉన్నన్నాళ్ళే ఇనుము ఉండును. ఈ మాట గుర్తుంచుకొనుడు. కడపట దీనితో పనిగలదు.

ముడుత, పూత, ఈ రెండును కూడినపిదప రేకు ప్రపంచయాత్రకు బయలుదేరినది. తేలికైనది, ఒకదానిపై నొకటి పేర్చి ఓడలో వేయవచ్చును, చేతనైన వడ్రంగి లేకున్నను మేకులు కొట్టి నిలుపవచ్చును. 1851లో విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు, స్కాట్లండులోని బాల్మోరల్ భవనమున నృత్యశాలగా ఒక ఇనుప రేకుల కట్టడమును తెప్పించి నిలిపించెను. అనగా ఈ వస్తువు పేదవాని గుడిసెకే పుట్టినదను మన తలంపు సరియైనది కాదు. అయినను దాని లోపములును ఆ దినములలోనే బయటపడినవి. కాలిఫోర్నియాలో బంగారము దొరకెనని 1849లో లోకమంతయు అటు పరువెత్తగా, సాన్‌ఫ్రాన్సిస్కో రేవునకు ఇనుప ఇండ్లు ఓడలలో వచ్చెను. ఇనుము కాలదు గదాయని జనులు నమ్మిరి. 1851 మే మాసమున ఆ నగరము అగ్నికి ఆహుతియైనప్పుడు, ఇనుప కట్టడములలో తలుపులు బిగించుకొని నిలిచినవారిలో కొందరు, వేడికి తలుపులు ఉబ్బి తెరవరాక, లోపలనే ప్రాణములు కోల్పోయిరి. రేకు తాను మండదు. కాని వేడిని ఆపదు. కేవలము రేకుతోనే ఇల్లు కట్టుకొన్నవారు ఎండకు వేగిరి, చలికి వణకిరి, నిప్పునకు చిక్కిరి.

ఇప్పుడు ఐస్‌లాండు మాట. అది ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఉన్న ద్వీపము. వైశాల్యమున మన తెలంగాణమునకు కొంచెము తక్కువ. జనసంఖ్యయో నేటికిని 4 లక్షలకు లోపే. నార్వే మున్నగు దేశములవారు తొమ్మిదవ శతాబ్దిలో అచట కాపురములు పెట్టిరి. వారు పోయినప్పుడు పల్లపు నేలలందు చిన్నజాతి చెట్లతో అడవులుండెను. వంటకును, బొగ్గులకును, గొర్రెల మేతకును ఆ అడవులు కొన్నితరములలో హరించిపోయెను. పిదప మిగిలినవి రాయి, గడ్డివేళ్ళతో అల్లుకొన్న మట్టిగడ్డ, సముద్రము ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన కొయ్య. ఈ మూటితోనే వేయి సంవత్సరములు ఇండ్లు కట్టుకొనిరి. రాతి పునాదిపై గడ్డల గోడ. దానిపై గడ్డ కప్పు. గోడ మనిషి చేయి బారకంటె దళసరి. అది వెచ్చదనమిచ్చెడిది; కాని తడి విడిచెడిది కాదు. ఒకటి రెండు తరములలో గోడ క్రుంగగా మరల కట్టుకొనవలసి వచ్చెడిది. మన పల్లెలలో మట్టిగోడకు ఏటేట మెత్తుట వంటిదే ఆ కష్టము.

కలప కావలెనన్న ఓడలో రావలెను. ఓడలు రావలెనన్న డెన్మార్కు రాజు అనుజ్ఞ కావలెను. ఆ ద్వీపము డెన్మార్కు ఏలుబడిలో నుండగా, 1602 మొదలు 1787 వరకు అచటి వర్తకమంతయు డేనిషువారికే గుత్తగా నుండెను. 1786లో రేక్యవిక్ అను చిన్న పల్లె వర్తకపట్టణముగా ప్రకటింపబడెను. ఆ పేరునకు పొగల అఖాతమని అర్థము. నేలనుండి లేచు వేడినీటి ఆవిరిని చూచి తొలి నివాసులు అట్లు పేరిడిరందురు. 1801లో ఆ పట్టణమున సుమారు 300 మంది మాత్రమే యుండిరి. 1855 మొదలు సకలదేశముల వర్తకులును రావచ్చునని చట్టము మారెను. ఈ ఒక్క మార్పుతో ఇంటి గోడల చరిత్రయే మారినది.

ఎట్లనగా, బ్రిటిషు వర్తకులు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐస్‌లాండు గొర్రెలను, గుర్రములను కొనుటకు ఓడలు తెచ్చిరి. అంతకుముందు సరకునకు సరకే గాని రొక్కము చూడని రైతుల చేతులలో రొక్కమాడెను. ఆ బ్రిటిషు రేవులనుండియే ముడుతల రేకును వచ్చెను. కలప నార్వేనుండి వచ్చెను. ఇట్లు గొర్రెలు పోయి ఇల్లు వచ్చినదని చెప్పవచ్చును. పట్టణము పెరుగసాగెను; 1901 నాటికి జనసంఖ్య 6,000 దాటెను.

అయితే వారు వెంటనే గోడలకు రేకు తొడుగలేదు. మొదట కప్పునకే వేసిరి. గోడలు నార్వే పద్ధతిని పలకలతో నుండెను. నార్వేలో నిలిచిన ఆ పలకలు రేక్యవిక్‌లో నిలువలేదు. దీనికి హేతువు చలి కాదు, వాన. ఆ పట్టణము ఉత్తర అక్షాంశము 64 డిగ్రీలవద్ద నున్నను, సముద్రప్రవాహము వెచ్చదనముచేత జనవరి సగటు ఉష్ణత సున్న డిగ్రీల దరిదాపుననే యుండును. కాబట్టి ఒకే వారమున, ఒక్కొక్కప్పుడు ఒకే దినమున, నీరు గడ్డకట్టును, కరగును, మరల గడ్డకట్టును. వాన పైనుండి పడదు. గాలితో అడ్డముగా కొట్టును. అడ్డవాన పలకల సందున దూరును. గడ్డకట్టిన నీరు నూటికి సుమారు తొమ్మిది వంతులు ఉబ్బును. ఉబ్బి పగులును పెద్దది చేయును. మరునాటి వాన ఆ పగులున మరింత లోతునకు పోవును. ఓడలమీద డబ్బుపోసి తెప్పించిన కలప ఇట్లు యజమాని కన్నులయెదుటనే చీకిపోవుచుండెను. చెట్టు లేని దేశమున కుళ్ళిన పలక అనగా ఎంత నష్టమో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు వారు కప్పు మీది రేకును దించి గోడకును తొడిగిరి. వారు కట్టిన క్రమమును నిదానముగా వినుడు; ఈ ప్రసంగమునకు ఇదియే ప్రాణము.

మొదట కలప చట్రము. అది ఇంటి ఎముకలగూడు; బరువు మోయుట దాని పని. చట్రపు గదులలో రంపపు పొట్టు గాని, చిత్రిక పట్టగా రాలిన పొట్టు గాని, ఎండిన మట్టిగడ్డ గాని కూరిరి. అది వెచ్చదనము నిలుపుటకు. దానిపై పలకలు. పలకలపై తారుకాగితము, అది గాలిని ఆపుటకు. అన్నిటికి వెలుపల, నిలువు ముడుతలుగా, జింకు పూతపెట్టిన రేకు. అది అడ్డవానను త్రోసివైచుటకు మాత్రమే. రేకునుండి వారు వెచ్చదనమును కోరలేదు. కోరినను అది ఈయజాలదు. ఉక్కు కలపకంటె సుమారు 400 రెట్లు సులభముగా వేడిని దాటనిచ్చును. నేను పాఠము చెప్పిన చోట ఆ ఒక్క రేకుననే ఎండను ఆపుమనియు, వానను ఆపుమనియు, చప్పుడు చేయకుమనియు కోరితిమి. రేక్యవిక్ వారు ఒక్కొక్క పొరకు ఒక్కొక్క పనియే యిచ్చిరి. తప్పు రేకుది కాదు. దానికి మనమిచ్చిన ఉద్యోగముది.

రెండవ విశేషము కూడ చెప్పవలెను. పుష్యమాసమున బడి రేకుల అడుగున చెమ్మ పట్టెడిదంటిని గదా. అది కప్పులోనుండి కారిన నీరు కాదు. గదిలోని గాలియందు ఎల్లప్పుడును కంటికి కనబడని ఆవిరి యుండును. అది చల్లని లోహమును తాకి నీరగును. వేసవిలో చల్లని నీటి చెంబునకు వెలుపల చెమట పట్టుటయు ఇదియే. చలిదేశపు ఇంటిలో వంటయు, స్నానమును, జనుల ఊపిరియు కలిసి ఆవిరి మెండు. రేకు మిక్కిలి చల్లన. గోడలో చేరిన చెమ్మకు వెలికి త్రోవ లేనిచో కలప లోలోపల కుళ్ళును. రేకు ముడుతలు నిలువుగా నుండుటచేత, రేకునకును పలకలకును నడుమ సన్నని గాలిబాటలు క్రిందినుండి మీదివరకు ఏర్పడెను. పామరు బలముకొరకు పెట్టిన ముడుత ఇచట గోడ ఆరుటకును ఉపకరించెను.

ఇట్లు పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలోను రేక్యవిక్‌లో వీధులకు వీధులే రేకు తొడిగిన ఇండ్లతో నిండెను. చెరువుగట్టున 1903లో కట్టిన స్వతంత్రచర్చి సైతము కలప చట్రముపై రేకు తొడిగినదే. దేవుని యిల్లే రేకుల గోడలతో నుండగా, మనుజుల ఇండ్లకు చిన్నతనమేమి? క్రొత్తరేకు నిగనిగలాడుచు రంగు పట్టదు. కొంతకాలము గాలివానలకు మాగనిచ్చి పిదప రంగులు వేసిరి. ఎరుపు, పచ్చ, నీలము. చీకటి చలికాలమున ఆ రంగులే వారికి పూలతోటలు.

ఇంతలో 1915 ఏప్రిల్ 25వ తేదీ రాత్రి పట్టణమధ్యమున ఒక హోటలునందు నిప్పు పుట్టెను. గాలి తోడై 12 ఇండ్లు కాలిపోయెను, ఇద్దరు మరణించిరి. వెలుపలి రేకు నిప్పురవ్వలను కొంత ఆపును గాని, లోపల కలప ఉన్నంతకాలము ఇల్లు కలప ఇల్లే. అధికారులు పట్టణమధ్యమున క్రొత్తగా కలప ఇండ్లు కట్టరాదని శాసించిరి. కాంక్రీటు అప్పటికే ఆ దేశమునకు వచ్చియుండెను. 1895లో స్వీనాతుంగ అనుచోట మొదటి కాంక్రీటు ఇల్లు కట్టబడెను. ఇసుకయు, కంకరయు తమ నేలపైననే దొరకును గాన, ఆ దేశీయులు కాంక్రీటును తమ సొంత రాయిగా ఎంచుకొనిరి. అంతట రేకుల ఇల్లు పాతకాలపు పేదరికమునకు గురుతైనది. కూల్చి మేడలు కట్టుటయే అభ్యుదయమనిపించుకొన్నది. నా మిత్రుడు ఏ సిగ్గుతో మా ఇంటికి వచ్చెనో, ఆ సిగ్గునే రేక్యవిక్ పట్టణమును కొంతకాలము అనుభవించెను.

తరువాతి కథ చిత్రమైనది. 1972లో, పట్టణపు నడిబొడ్డుననున్న పాత కలప ఇండ్ల వరుసను కూల్చి అచట ప్రభుత్వ కార్యాలయము కట్టనున్నారని తెలిసి, పౌరులొక సంఘముగా కూడిరి. మరుసటి సంవత్సరము వారే కుంచెలు పట్టి, వెలసిపోయిన ఆ ఇండ్లకు తామే రంగులు వేసిరి. రంగు పడగానే, ఇన్నాళ్ళు చూడని అందమును జనులు చూచిరి. ఆ వరుస నిలిచినది. అది మొదలు పాత ఇండ్లను కూల్చుటకంటె బాగుచేయుట మేలను అభిప్రాయము బలపడెను. నేడు ఆ రేకుల ఇండ్లను చూచుటకై దూరదేశములనుండి యాత్రికులు వచ్చుచున్నారు.

కాంక్రీటు సంగతియేమందురా? 1970 తరువాతి దశాబ్దమున రేక్యవిక్ కాంక్రీటు గోడలు అనేకము పగుళ్ళు చూపెను. సిమెంటులోని క్షారమును, ఆ అగ్నిపర్వతదేశపు కంకరలోని ఒక పదార్థమును తడిచేత కలిసి లోలోపల ఉబ్బుటయే దానికి కారణమని తేలినది. 1979 మొదలు సిమెంటులో సన్నని సిలికా పొడి కలిపి క్రొత్త కట్టడములకు ఆ రోగము రాకుండ చేసిరి. అప్పటికే కట్టిన గోడలకో? వాన తగులకుండ వెలుపల లోహపు రేకులు తొడుగుట ఒక చికిత్సయైనది. రేకును వెళ్ళగొట్టిన కాంక్రీటే తుదకు రేకు చొక్కా తొడుగుకొన్నది! వస్తువులలో కులీనములును, నీచములును లేవు. తన పనిలో నున్నదియు, తనది కాని పనిలో నున్నదియు మాత్రమే కలవని ఈ చరిత్ర నాకు తెలిపినది.

నాలుగవ దినమున నా మిత్రుడు మరల వచ్చెను. ఆయనకు ఇదంతయు చెప్పితిని. తుదకు, వలదని నేను వ్రాయజాలననియు, వ్రాయవలసినవి వేరే కలవనియు చెప్పి, ఆ చిరంజీవికి వ్రాయదలచిన సంగతులను చదివి వినిపించితిని. అవి యివి.

మొదటిది. మినియాపొలిస్ రేక్యవిక్ కాదు. రేక్యవిక్‌లో శత్రువు అడ్డవాన. మీ యూర శత్రువు తీవ్రమైన చలి. కాన ఖర్చులో తొలిభాగము గోడలోని వెచ్చదనపు పొరకు పోవలెను, మిగిలినదే రేకునకు. లోపలి ఆవిరి గోడలోనికి పోకుండ లోపలివైపు అడ్డుపెట్టవలెను. రేకు వెనుక క్రిందినుండి మీదకు గాలి ఆడునట్లు సందు విడువవలెను.

రెండవది. రేకు మందము చూచి కొనవలెను. గేజి సంఖ్య తగ్గినకొలది మందము హెచ్చును; 24 గేజి రేకు 26 గేజి రేకుకంటె దిట్టమైనది. వడగండ్లకు సొట్టపడనిది అదియే. పూతను గూర్చి కూడ అడుగవలెను. 1972 మొదలు అల్యూమినియమును, జింకును కలిపిన పూత అమ్మకమునకు వచ్చినది. అది ఉత్త జింకు పూతకంటె సాధారణముగా ఎక్కువకాలము మన్నును. పూత ఉన్నన్నాళ్ళే ఇనుము ఉండునని మొదట చెప్పితిని గదా. కోసిన అంచులును, మేకులు దిగిన తావులును మొదట తుప్పుపట్టును గాన అచట శ్రద్ధ వలెను.

మూడవది. లోహము చలికి ముడుచుకొనును, వేడికి సాగును. వేసవికిని చలికాలమునకును 50 డిగ్రీల భేదమున్నచో 10 అడుగుల ఉక్కు రేకు సుమారు 2 మిల్లీమీటర్లు కదలును; అల్యూమినియమైనచో దానికి దాదాపు రెట్టింపు. కదలనీయక బిగించినచో అది వంకరలు పోవును, లేదా మేకు తొలిచిన రంధ్రము పెద్దదియగును.

నాలుగవది. రాగి గొట్టములనుండి కారు నీరు జింకు పూతపై పడనీయరాదు. రాగి జింకును తినివేయును. మంచు కరగుటకు వీధులలో చల్లు ఉప్పును అట్టిదే. రేకు అడుగు అంచు నేలకు ఎడముగా నుండవలెను.

ఇవి విని నా మిత్రుడు కొంతసేపు ఊరకుండెను. పిదప, "అన్నియు వ్రాసితిరి గాని, ఒకటి విడిచితిరి పంతులుగారూ. గాదె మీద క్రొత్త కప్పు వేయుటకు ముందు మేము గాదెలోనికి దిగి అడుగు చూతుము. పైన రేకు కొట్టినతర్వాత లోపల కుళ్ళు ఎవరికి కనబడును? పాత పలకలు ఊడదీసిన నాడే అడుగు దూలము దగ్గర కొయ్యను మేకుతో పొడిచి చూడుమని వ్రాయండి. మెత్తబడినదేదైన ఉన్నచో దానిని మార్చి, పిదపనే రేకు" అనెను.

నేను చదివిన పుటలన్నిటికంటె ఆ మాట విలువైనదని నాకు తోచినది. దానినే జాబునకు మొదటి వాక్యముగా చేసితిని. ఆయన వచ్చినప్పుడు కుమారుని పరువును గూర్చి వచ్చెను. వెళ్ళినప్పుడు కుమారుని ఇంటి అడుగు దూలమును గూర్చి ఆలోచించుచు వెళ్ళెను.

మూడు వారములకు ప్రత్యుత్తరము వచ్చినది. ఉత్తరపు గోడ మూలన అడుగు దూలము రెండు గజముల పొడవున మెత్తబడియుండెనట. దానిని తీసి క్రొత్తది వేయించుచున్నాడట. రేకు పని వేసవికి వాయిదా వేసినాడట. రంగు ఏది వేయింపవలెనో నాన్నగారినే చెప్పుమన్నాడు.

నా మిత్రుడు ఇంకను నిర్ణయింపలేదు. పచ్చయా, ఎరుపా అని రోజుకొకసారి వచ్చి నన్ను అడుగుచున్నాడు. మూడెకరములు అమ్మి చదివించిన కొడుకు ఇంటికి తాను రంగు ఎన్నుకొనుట ఆయనకు సామాన్యమైన పని కాదు. నేనును తొందరపెట్టుటలేదు.

పెద్దలారా, మన గ్రామములనుండి పిల్లలు చలిదేశములకు పోవుచున్నారు. అచట వారు ఉండు ఇండ్లు మన కన్నులకు వింతగా నుండవచ్చును. మనకు సిగ్గుగా తోచినది వారికి అవసరము కావచ్చును. వద్దనుటకు ముందు, ఆ వస్తువు అచట ఏ పని చేయుచున్నదని ఒకమారు అడుగుదము. అడిగినచో మన అనుభవమునుండి చెప్పదగినదియు ఏదో ఒకటి తప్పక దొరకును.